టీవీ అందరికీ అందాలంటే: వినపడనివారు, చూపులేనివారి హక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు టీవీలో సినిమా వస్తే ఇంట్లో అందరం చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. అందరూ ఒక్కసారిగా నవ్వగానే తను నా మోచేయి పట్టుకుని, "ఏమన్నాడు?" అని సైగ చేసేది. "తర్వాత చెప్తా" అనేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చేది కాదు. సినిమా అయిపోయేది, అన్నాలు తినేవాళ్లం, పడుకునేవాళ్లం. చట్టం ఏం చెబుతోందో చదవడం మొదలుపెట్టింది ఆ బాకీ తీర్చుకోవడానికే. అర్జీలు రాసిపెట్టమని వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

టీవీ చూడటం కూడా హక్కేనా? చట్టంలో నిజంగా రాసి ఉందా?

ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది 42వ సెక్షన్. ఆడియోలో, అచ్చులో, ఎలక్ట్రానిక్ మీడియాలో వచ్చేదంతా దివ్యాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అది చెబుతుంది. ఆడియో డిస్క్రిప్షన్, సైగల భాష, క్లోజ్డ్ క్యాప్షన్లు అని పేరుపేరునా రాసింది (ఇవేంటో కింద చెప్తాను). రెండోది 29వ సెక్షన్. వినికిడి లోపం ఉన్నవాళ్లు సైగల భాషతోనో సబ్‌టైటిల్స్‌తోనో టీవీ కార్యక్రమాలు చూడగలగాలి అంటుంది. ఈ మాట సంస్కృతి, వినోదం గురించిన సెక్షన్‌లో ఉంది. అంటే వార్తలే కాదు, సీరియల్ చూసి ఏడవడం, కామెడీ చూసి నవ్వడం కూడా చట్టం లెక్కలో ఉన్నట్టే.

ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడా ఇదే చెబుతుంది. దివ్యాంగుల హక్కులపై 2006లో వచ్చిన ఆ ఒడంబడికను మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 30వ అధికరణంలో టీవీ కార్యక్రమాల ప్రస్తావన సూటిగా ఉంది.

సదరం సర్టిఫికెట్ లేకపోతే అడగకూడదా?

అడగొచ్చు. పింఛను, రిజర్వేషన్ లాంటి వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. 42వ సెక్షన్‌లో ఆ 40 శాతం మాటే లేదు.

చట్టం లెక్కలో రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవారు. డెబ్భై ఏళ్లు దాటి, వాల్యూమ్ నలభైలో పెట్టి ఇల్లంతా అదరగొట్టే తాతయ్య ఈ లెక్కలోకి రాకపోవచ్చు. కానీ తెర కింద అక్షరాలు పడితే ఆయన కూడా చదువుకుంటాడు, పక్క గదిలో పరీక్షకి చదివే మనవరాలికీ హాయి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు దాదాపు 50.7 లక్షలు, చూపు లోపం ఉన్నవాళ్లు దాదాపు 50.3 లక్షలు అని తేలింది. ఇలాంటి తాతయ్యలు చాలామంది అందులో లేకపోవచ్చు.

సబ్‌టైటిల్స్, క్యాప్షన్లు ఒకటే కదా?

కాదు. సబ్‌టైటిల్ రాసేవాళ్లు చూసేవాళ్లకి వినపడుతుందనుకుని, మాటలు మాత్రమే రాస్తారు. క్యాప్షన్ వినపడదనుకుని రాసేది. ఎవరు మాట్లాడుతున్నారో, వెనక ఏ చప్పుడు వచ్చిందో కూడా అందులో ఉంటుంది. హీరోయిన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది అనుకోండి. "తలుపు కొట్టిన చప్పుడు" అని కింద పడకపోతే, ఆమె ఎందుకు తిరిగిందో మా చెల్లికి తెలియదు.

మనం కావాలనుకుంటే పెట్టుకుని, వద్దనుకుంటే తీసేయగలిగేది క్లోజ్డ్ క్యాప్షన్. బొమ్మతో కలిసిపోయి ఎప్పుడూ కనిపించేది ఓపెన్ క్యాప్షన్.

ఇంకో సంగతి చెప్పాలి. తెలుగు సినిమాలకు చాలాసార్లు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి, తెలుగువి ఉండవు. వేరే భాషవాళ్లు చూడాలన్న ఆలోచన వచ్చింది కానీ, వినపడని తెలుగువాళ్లు ఉంటారన్న ఆలోచన రాలేదు. తెలుగు మీడియంలో చదువుకున్న బధిరులకి ఆ ఇంగ్లీషు అక్షరాలతో పనేముంది? అర్జీ రాసేటప్పుడు "సబ్‌టైటిల్స్ కావాలి" అని ఆపేయకుండా "తెలుగులో క్యాప్షన్లు కావాలి" అని స్పష్టంగా రాయండి.

ఆడియో డిస్క్రిప్షన్ అంటే?

చూపులేనివాళ్ల కోసం, డైలాగుల మధ్య ఖాళీల్లో ఒక గొంతు తెర మీద జరుగుతున్నది చెప్పడం.

మా మావయ్యకి ముప్ఫై ఏళ్ల వయసులో చూపు పోయింది. రాత్రి సీరియళ్లన్నీ అత్తయ్యతో కూర్చుని వింటాడు. తెలుగు సీరియల్లో ఒక్క నిజం బయటపడితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెద్ద ఉరుము లాంటి మ్యూజిక్, ఒక్కొక్కరి మొహం మీదికి కెమెరా మూడేసి సార్లు వెళ్లడం, నిమిషంపాటు ఎవరూ నోరు విప్పరు. మావయ్యకి ఆ నిమిషమంతా డప్పుల మోత మాత్రమే. "ఎవరొచ్చారే? ఏమైందే?" అని అడుగుతాడు. అత్తయ్య వంటింట్లో ఉంటే జవాబు రాదు. "గుమ్మంలో పెద్దకోడలు నిలబడి ఉంది, చేతిలో ఆ ఉత్తరం" అని ఒక్క వాక్యం వినిపిస్తే చాలు. దానికి కావలసినంత ఖాళీ మన సీరియళ్లలో ఉంది!

మరి టీవీ ఛానళ్లకు కచ్చితమైన నిబంధనలు ఉన్నాయా?

2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ వినికిడి లోపం ఉన్నవారి కోసం టీవీ కార్యక్రమాల ప్రమాణాలు తెచ్చింది. వార్తా ఛానళ్లు రోజుకి కనీసం ఒక బులెటిన్ సైగల భాషతో ఇవ్వాలి. మిగతా ఛానళ్లు వారానికి కనీసం ఒక కార్యక్రమంతో మొదలుపెట్టి, దశలవారీగా పెంచుకుంటూ పోవాలి. క్లోజ్డ్ క్యాప్షన్, ఓపెన్ క్యాప్షన్, సబ్‌టైటిల్, సైగల భాష, వీటిలో ఏది వాడాలో ఎంచుకునే వీలు ఛానల్‌కి ఇచ్చారు.

మినహాయింపులూ ఉన్నాయి. ఆటల ప్రత్యక్ష ప్రసారం లాంటి లైవ్ కార్యక్రమాలు, సంగీత కార్యక్రమాలు, చర్చలు, ప్రకటనలు, టెలిషాపింగ్ దీని కిందికి రావు. ప్రేక్షకుల్లో ఒక శాతం వాటా కూడా లేని చిన్న ఛానళ్లకీ మినహాయింపే.

దూరదర్శన్ మాత్రం ఈ పని 1987లోనే మొదలుపెట్టింది. ఆదివారం బధిరుల కోసం వార్తలు వచ్చేవి. అవి హిందీ, ఇంగ్లీషువాళ్ల కోసం అనిపించినా, ఆ చేతుల్ని చూడటానికి మా చెల్లి వారమంతా ఎదురుచూసేది. టీవీలో తనలాగా మాట్లాడేవాళ్లు కనిపించేది ఆ కాసేపే.

ఇన్ని ఉండి, మా ఇంట్లో వచ్చే ఛానళ్లలో ఎందుకు కనిపించవు?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి.

42వ సెక్షన్ బాధ్యత పెట్టింది ప్రభుత్వం మీద. ప్రైవేటు ఛానల్ చెయ్యాలంటే, ప్రభుత్వం 40వ సెక్షన్ కింద గట్టి నిబంధనలు పెట్టాలి. అప్పుడు 46వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థయినా ప్రైవేటు సంస్థయినా రెండేళ్లలో అమలు చేసి తీరాలి. నిబంధనల పేరుతో వచ్చినవి చాలావరకు "ఇలా చేస్తే బాగుంటుంది" అనే మార్గదర్శకాల్లా మిగిలిపోయాయి. చేస్తే మంచిది, చెయ్యకపోతే అడిగేవాడు లేడు.

ఈ లోపాన్ని సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న తీర్పు ఇస్తూ, ఈ చట్టం కింద కేంద్రం చేసిన నియమాల్లో అందుబాటు ప్రమాణాలకి సంబంధించిన 15(1) నియమం చట్టానికి విరుద్ధం అని కొట్టేసింది. చట్టం "తప్పనిసరి" అంటుంటే నియమం "సలహా" అనడం కుదరదని చెప్పింది. కచ్చితంగా పాటించాల్సిన వాటిని విడదీసి మూడు నెలల్లో కొత్త నిబంధనలు తెమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితి మీద కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం. అది చదివినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ కేసు టీవీ గురించి మాత్రమే కాదు, భవనాలు, బస్సులు, రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి. కానీ "సలహా కాదు, తప్పనిసరి" అన్న మాట టీవీ అర్జీలోనూ రాసుకోదగ్గది.

ఖర్చు ఎక్కువ అనే మాట కూడా వింటుంటాం. సీరియల్‌కి డైలాగులు ముందే రాసుకుంటారు. కాగితం మీద ఉన్న మాటల్ని టైమింగ్ చూసుకుని తెర మీదికి తేవడమే మిగిలిన పని. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ తియ్యగలిగినవాళ్లకి ఇది చేతకానిదని నేను నమ్మను.

సైగల భాషలో వార్తలు వస్తున్నాయి కదా, ఇంకేం ఇబ్బంది?

ఒక ఛానల్లో ఆ బులెటిన్ చెల్లి పక్కన కూర్చుని చూశాను. వార్తలు చెప్పే ఆవిడ బొమ్మ కుడివైపు మూల, అగ్గిపెట్టంత. కింద రెండు వరసల స్క్రోలింగ్ ఆవిడ మోచేతుల దాకా వచ్చేసింది. నడుము దగ్గర చేసే సైగలన్నీ స్క్రోలింగ్ కింద మునిగిపోయాయి. చెల్లి లేచి టీవీకి జానెడు దూరంలో నిలబడి, రెండు నిమిషాలు చూసి, వచ్చి కూర్చుంది. "సగం మాటలు" అంది చేతులతో.

సైగల భాషలో చేతులే కాదు, మొహం కూడా మాట్లాడుతుంది. కనుబొమ్మలు పైకి లేస్తే ప్రశ్న. మొహం స్పష్టంగా కనిపించకపోతే వాక్యం ప్రశ్నో కాదో తెలియదు. బాక్స్ పెద్దదిగా, పూర్తిగా, అడ్డం లేకుండా ఉండాలి. వేసుకున్న బట్ట ఒంటి రంగుకి తేడాగా, సాదాగా ఉండాలి. ఫిర్యాదులో "సైగల భాష లేదు" అనే కాదు, "ఉన్నా చదవలేకపోతున్నాం" అని కూడా రాయొచ్చు. అలాంటి తెర ఫొటో ఒకటి తీసి జతచెయ్యండి.

క్యాప్షన్లు వేస్తే చాలదా? సైగల భాష కూడా ఎందుకు?

పుట్టుకతో వినపడనివాళ్లకి తెలుగు అనేది చెవితో రాలేదు, బడిలో పుస్తకంతో వచ్చింది. బడి బాగుంటే వచ్చింది, లేకపోతే లేదు. భారతీయ సైగల భాషకి తనదైన వ్యాకరణం ఉంది, అది తెలుగుని చేతులతో చూపించడం కాదు. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో తెచ్చిన నిఘంటువు మూడో కూర్పులో 10,000 పదాలు ఉన్నాయి. సైగలే అమ్మభాషగా పెరిగినవాళ్లకి పరుగెత్తే తెలుగు అక్షరాలు కష్టం. పెద్దయ్యాక వినికిడి పోయినవాళ్లకి సైగలు రావు, అక్షరాలే దిక్కు. ఇద్దరూ మనవాళ్లే.

బధిర పిల్లలకి పాఠాల కోసం 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య 31వ నంబరు ఛానల్ సైగల భాషలో ఇరవై నాలుగు గంటలూ మొదలైంది. ఇంట్లో పిల్లలుంటే తప్పకుండా వెతికి పెట్టండి.

చూపులేనివాళ్ల సంగతి ఏంటి?

ఇక్కడే పెద్ద లోటు. 42వ సెక్షన్‌లో ఆడియో డిస్క్రిప్షన్ అని స్పష్టంగా ఉన్నా, 2019 ప్రమాణాలు పేరులోనే వినికిడి లోపం ఉన్నవారి కోసం. చూపులేని ప్రేక్షకుడి గురించి అందులో లేదు. అర్జీలు ఇద్దరి తరఫునా వెళ్లాలని నేను అందరికీ చెప్పేది అందుకే.

చట్టం కోసం ఆగక్కర్లేని పని ఒకటుంది. "వివరాలకు స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి" అంటారు యాంకర్లు. మావయ్యకి ఆ నంబరు ఎలా తెలుస్తుంది? పది అంకెలు పైకి చదవడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఏ ఛానల్ యాంకరైనా ఇది చదువుతుంటే, దయచేసి రేపటి నుంచే నంబరు చదివి చెప్పండి.

తుపాను, వరదలప్పుడు?

చట్టంలో 8వ సెక్షన్ విపత్తుల్లో దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలంటుంది. కోస్తాలో ప్రతి ఏటా అక్టోబరు, నవంబరు వస్తే మాకు టెన్షనే. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రిపోర్టర్ గాలివానలో నిలబడి అరుస్తూ చెబుతాడు, అది చెల్లికి అందదు. ఏయే మండలాలు ఖాళీ చెయ్యాలో స్క్రోలింగ్‌లో పోతుంది, అది మావయ్యకి అందదు. ప్రాణం మీదికి వచ్చే సమాచారమంతా లైవ్‌లోనే వస్తుంది, లైవ్‌కే మినహాయింపు. 2019 ప్రమాణాల్లో ముందుగా మార్చాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

రిమోట్‌లో సీసీ (క్లోజ్డ్ క్యాప్షన్) బటన్ ఉంది. నొక్కితే ఏమీ రావడం లేదు, బాక్స్ పాడైందా?

బాక్స్ తప్పు కాకపోవచ్చు. ముందు ఛానల్ క్యాప్షన్లని సిగ్నల్‌తో పంపాలి. కేబుల్ ఆపరేటరో డీటీహెచ్ సంస్థో దాన్ని మధ్యలో వదిలెయ్యకుండా దాటించాలి. చివరికి మీ సెట్‌టాప్ బాక్స్ దాన్ని అక్షరాలుగా మార్చి చూపాలి. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా బటన్ ఉత్తదే.

చూపులేనివాళ్లకి ఇప్పటి స్మార్ట్ టీవీల్లో మెనూని చదివి వినిపించే సదుపాయం ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ అనో వాయిస్ గైడ్ అనో చూడండి. టీవీ కొనేటప్పుడు షాపులోనే పెట్టి చూపించమనండి. రోజువారీ ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగేలా ఉండాలన్నది కూడా 42వ సెక్షన్‌లోని మాటే.

ఓటీటీలకి ఇవి వర్తించవా?

2021 నాటి ఐటీ నియమాల్లో ఓటీటీలు వీలైనంత మేరకు దివ్యాంగులకి అందుబాటు పెంచే ప్రయత్నం చెయ్యాలని ఉంది. "వీలైనంత మేరకు" అన్న మాటతో దాని బలం సగం పోయింది. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు 'పఠాన్' సినిమా ఓటీటీ విడుదలకి ఆడియో డిస్క్రిప్షన్, క్యాప్షన్లు సిద్ధం చెయ్యమని నిర్మాతలను ఆదేశించింది. చూపు, వినికిడి లోపం ఉన్నవాళ్లు కోర్టుకి వెళ్లబట్టే ఆ ఆదేశం వచ్చింది. 2025 అక్టోబరులో కేంద్రం ఓటీటీల కోసం ప్రత్యేక ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడిగింది.

సినిమా హాళ్లకి?

2024 మార్చి 15న వేరే మార్గదర్శకాలు వచ్చాయి. క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ లాంటివి చేర్చడానికి, ఒకటికి మించిన భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకి ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్ల గడువు ఇచ్చారు. మన పాన్ ఇండియా సినిమాలన్నీ మొదటి రకమే.

మేం అమెరికాలో ఉంటున్నాం. అక్కడ చట్టం గట్టిది కదా, అమ్మానాన్నలు చూసే తెలుగు ఛానళ్లకి క్యాప్షన్లు ఉండవేం?

అక్కడ చట్టం గట్టిదే. 1990 చట్టం వల్ల 1993 నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన టీవీలన్నీ క్యాప్షన్లు చూపగలిగేలా తయారవుతున్నాయి. 2010లో ఇంకో చట్టం వచ్చి ఇంటర్నెట్ వీడియోల దాకా విస్తరించింది. కానీ క్యాప్షన్లు తప్పనిసరి అన్నది ముఖ్యంగా ఇంగ్లీషు, స్పానిష్ కార్యక్రమాలకే. మిగతా భాషలకి మినహాయింపు ఉంది, తెలుగు అందులో పడిపోయింది. కాబట్టి తెలుగు కార్యక్రమాలకి క్యాప్షన్లు రావాలంటే ఇక్కడ తయారయ్యే చోటే రావాలి. మీరు అక్కడి నుంచి డబ్బు కట్టే చందాదారులు, ఛానల్‌కి మీరు రాసే మెయిల్‌కి విలువ ఉంటుంది.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

ముందు ఛానల్‌కే రాయండి. రాసిన తేదీ, పంపిన రుజువు దాచుకోండి. జవాబు రాకపోతే సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకి, ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కి పంపండి. ప్రసారాలు కేంద్రం పరిధిలోవి కాబట్టి రాష్ట్ర కమిషనర్ కంటే చీఫ్ కమిషనర్ దగ్గరికి వెళ్లడమే మంచిది. విచారణలో చీఫ్ కమిషనర్‌కి సివిల్ కోర్టుకుండే కొన్ని అధికారాలు ఉంటాయి. ఆ కార్యాలయం సిఫార్సు చేస్తే, అందుకున్న అధికారులు మూడు నెలల్లో చర్య తీసుకుని తెలపాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి, ఆ కారణం మీకూ తెలియజెయ్యాలి.

అర్జీ పొడుగ్గా అక్కర్లేదు. నేను రాసిపెట్టేది ఇలా ఉంటుంది: "నాకు పుట్టుకతో వినపడదు. ఫలానా ఛానల్లో ఫలానా తేదీల మధ్య వారం రోజులు చూశాను. ఒక్క కార్యక్రమానికీ తెలుగు క్యాప్షన్లు గానీ సైగల భాష గానీ లేవు. 2016 చట్టం 29, 42 సెక్షన్ల ప్రకారం, 2019 ప్రమాణాల ప్రకారం వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఎప్పటిలోగా ఇస్తారో రాతపూర్వకంగా తెలపగలరు." వారం రోజులు చూసి తేదీ, సమయం, కార్యక్రమం పేరు ఒక నోటుబుక్కులో రాసుకుంటే దీనికి బలం వస్తుంది.

ప్రైవేటు ఛానల్‌కి సమాచార హక్కు చట్టం నేరుగా వర్తించదు. కానీ ఆ ఛానల్ ప్రమాణాలు పాటిస్తోందో లేదో చూసిన రికార్డు మీ దగ్గర ఉందా అని మంత్రిత్వ శాఖని పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

చట్టం పాటించకపోతే శిక్ష ఉందా?

89వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ తప్పు చేస్తే 50,000కి తగ్గకుండా, 5 లక్షల దాకా. పెద్ద ఛానళ్లకి ఇది పది సెకన్ల ప్రకటన ఖర్చుతో సమానం కావచ్చు. జరిమానా కంటే రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సి రావడమే వాళ్లని కదిలిస్తుందని నా అనుభవం.

నాకు ఇంగ్లీషు రాదు. ఢిల్లీకి తెలుగులో రాస్తే చెల్లుతుందా?

చెల్లుతుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. మా చెల్లి మొదటి అర్జీ తన చేతిరాతతో తెలుగులోనే రాసింది. నేను సరిచేసింది రెండు ఒత్తులు మాత్రమే.